తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం

తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం అనేది పుట్టుకతోనే సంక్రమించే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి. ఆంగ్లంలోని దీని పేరు మొదటి అక్షరాలను కలిపి వైద్యులు దీనిని 'స్కిడ్' అని వ్యవహరిస్తారు. శరీరాన్ని సూక్ష్మజీవుల నుండి కాపాడే తెల్ల రక్తకణాలలో ముఖ్యమైన టి కణాలు ఈ వ్యాధిగల శిశువులో తయారు కావు, లేదా తయారైనా పని చేయవు. అందువల్ల ఇతర పిల్లలకు జలుబుతో పోయే అంటువ్యాధి కూడా ఈ శిశువులకు ప్రాణాంతకమవుతుంది. చికిత్స జరగనిచో వీరిలో అత్యధికులు మొదటి లేదా రెండవ పుట్టినరోజు లోపే మరణిస్తారు. అయితే మొదటి కొద్ది నెలలలోనే గుర్తించి, ఎముక మూలుగ మార్పిడి చేసినచో ఎక్కువమంది బ్రతికి బట్ట కడతారు. గాలి చొరబడని ప్లాస్టిక్ గుడారంలో పెరిగిన ఒక అమెరికా బాలుని కారణంగా దీనికి 'బుడగ బాలుని వ్యాధి' అనే పేరు కూడా ప్రచారంలోకి వచ్చింది.

రోగనిరోధక వ్యవస్థలో జన్యుపరమైన లోపాల వల్ల కలిగే వ్యాధులు ఇప్పటికి 450కి పైగా గుర్తించబడినవి. వాటిలో అత్యంత తీవ్రమైనది ఇదే.

రోగనిరోధక వ్యవస్థ - సంక్షిప్త పరిచయం

రక్తంలోని తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు ఒక రకం. ఇవి ఎముక మూలుగలోని మూలకణాల నుండి పుడతాయి. వీటిలో మూడు తెగలున్నవి.

* టి కణాలు: మూలుగలో పుట్టి, గుండెకు పైభాగాన, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పరిపక్వం చెందుతాయి. విషాణువులు సోకిన కణాలను చంపడం, మిగిలిన రక్షక కణాలకు ఆదేశాలివ్వడం వీటి పని.
* బి కణాలు: ప్రతిరక్షకాలు అనే మాంసకృత్తులను తయారు చేస్తాయి. అయితే చాలా సందర్భాలలో టి కణాల సహాయం లేనిదే బి కణాలు మంచి ప్రతిరక్షకాలను తయారు చేయలేవు.
* సహజ హంతక కణాలు: విషాణువులు సోకిన కణాలను, కొన్ని కాన్సరు కణాలను ముందస్తు పరిచయం అవసరం లేకుండానే చంపుతాయి.

టి కణాలు లేనప్పుడు, బి కణాలు లెక్కకు ఉన్నప్పటికీ వాటివల్ల ప్రయోజనం ఉండదు. ఈ విధంగా రెండు రక్షణ మార్గాలూ కలిసి దెబ్బతింటాయి కనుక దీనికి 'సంయుక్త' లోపమని పేరు. బి కణాలు మాత్రమే లోపించే వ్యాధిని అమెరికా వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ 1952లో వర్ణించాడు. ఆ వ్యాధిగల పిల్లలు ప్రతిరక్షకాల ఇంజెక్షన్లతో ఎన్నో ఏళ్ళు జీవించగలరు. స్కిడ్ వ్యాధిలో ఆ ఇంజెక్షన్లు మాత్రమే చాలవు.

చరిత్ర

1950లో స్విట్జర్లాండుకు చెందిన గ్లాన్జ్‌మన్, రినికర్ అనే వైద్యులు రక్తంలో లింఫోసైట్లు దాదాపు లేకుండా, ఎడతెగని అంటువ్యాధులతో మరణించిన శిశువులను గురించి మొదటిసారిగా వ్రాశారు. అప్పట్లో ఈ వ్యాధి చాలాకాలం స్విస్ దేశం పేరుతోనే పిలువబడింది. 1968లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గుడ్ బృందం ఈ వ్యాధితో ఉన్న ఒక మగ శిశువుకు అతని అక్క మూలుగను ఎక్కించి నయం చేసింది. రోగనిరోధక లోపానికి మూలుగ మార్పిడి విజయవంతం కావడం అదే ప్రథమం. 1972లో ఎలోయిస్ గిబ్లెట్ అనే శాస్త్రవేత్త ఇటువంటి పిల్లలలో అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైము లేదని కనుగొన్నది. ఒక రోగనిరోధక లోపానికి రసాయనిక కారణం తెలియడం అదే తొలిసారి. 1993లో ఎక్స్ క్రోమోజోముపై ఉన్న కారక జన్యువును గుర్తించారు.

కారణాలు

స్కిడ్ ఒకే వ్యాధి కాదు. వేర్వేరు జన్యువులలోని ఉత్పరివర్తనాల వల్ల ఒకే విధమైన ఫలితం కలిగే వ్యాధుల సముదాయమిది. ముఖ్యమైనవి ఇవి.

* ఎక్స్ క్రోమోజోము సహలగ్న రకం: ఐ.ఎల్.2.ఆర్.జి. అనే జన్యువు దెబ్బతినడం వల్ల కలుగుతుంది. కణాల మధ్య సందేశాలను మోసే ఇంటర్‌ల్యూకిన్లు అనే పదార్థాలున్నవి. వాటిలో ఆరింటి గ్రాహకాలకు ఉమ్మడిగా ఉండే ఒక భాగాన్ని ఈ జన్యువు తయారు చేస్తుంది. ఒక్క జన్యువు చెడితే ఆరు సందేశాలూ అందవు. టి కణాలు, సహజ హంతక కణాలు ఏర్పడవు. బి కణాలు ఉంటాయి కాని పనిచేయవు.
* జాక్-3 లోపం: పై సందేశాన్ని కణం లోపలికి చేరవేసే ఎంజైము లోపిస్తుంది. లక్షణాలు పై రకాన్నే పోలి ఉంటాయి. కాని ఇది ఆడపిల్లలకు కూడా సమానంగా వస్తుంది.
* అడినోసిన్ డీఅమినేజ్ లోపం: 20వ క్రోమోజోముపై ఉండే జన్యువు దెబ్బతిని, ఆ ఎంజైము లోపించడం వల్ల లింఫోసైట్లకు విషతుల్యమైన పదార్థాలు శరీరంలో పేరుకుపోతాయి. మూడు తెగల లింఫోసైట్లూ నశిస్తాయి.
* రాగ్-1, రాగ్-2 లోపాలు: టి కణాలు, బి కణాలు లెక్కలేనన్ని రకాల సూక్ష్మజీవులను గుర్తించడానికి తమ జన్యుభాగాలను కత్తిరించి, కొత్త వరుసలో అతికించుకుంటాయి. ఆ కత్తిరింపు చేసేది రాగ్ మాంసకృత్తులు. అవి లేనిచో టి, బి కణాలు రెండూ ఏర్పడవు.
* ఆర్టెమిస్ లోపం: కత్తిరించిన జన్యుభాగాలను అతికించే పనిలో తోడ్పడే మాంసకృత్తు లోపిస్తుంది. అమెరికాలోని నవాహో ఆదివాసులలో ఈ రకం ఎక్కువ. వారిలో సుమారు 2,000 జననాలకు ఒకరు ఈ వ్యాధితో పుడుతున్నారు.

అమెరికాలో నవజాత శిశువులకు జరిపిన పరీక్షలను బట్టి సగటున 58,000 జననాలకు ఒకరికి స్కిడ్ ఉన్నట్లు 2014లో ప్రకటించారు.

వ్యాధి సంక్రమించే విధానం

ఎక్స్ సహలగ్న రకంలో తల్లి వాహకురాలు. ఆమెకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండుట వలన ఒకటి దెబ్బతిన్నా రెండవది పని చేస్తుంది. కనుక ఆమె పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకు వ్యాధి వచ్చే అవకాశం రెండింట ఒకటి. ప్రతి కూతురు వాహకురాలు కాగల అవకాశం కూడా రెండింట ఒకటి. కొందరు శిశువులలో ఉత్పరివర్తనం కొత్తగా ఏర్పడుతుంది కనుక వంశంలో ఎవరికీ ఈ వ్యాధి లేకపోయినా రావచ్చు.

మిగిలిన రకాలు దాదాపు అన్నీ శారీరక క్రోమోజోముల ద్వారా అంతర్గత లక్షణాలుగా సంక్రమిస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే జన్యువులో లోపం గల వాహకులైనప్పుడు ప్రతి కాన్పులోను శిశువుకు వ్యాధి కలిగే అవకాశం నాల్గింట ఒకటి. ఒక బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదని భావించడం పొరపాటు. ప్రతి కాన్పుకు లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

రక్తసంబంధీకుల మధ్య వివాహాలలో అంతర్గత లక్షణాలు బయటపడే అవకాశం పెరుగుతుంది. మేనబావ, మేనమరదళ్ళకు సగటున ఎనిమిదవ వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ళకు నాల్గవ వంతు ఉమ్మడిగా ఉంటాయి. తెలుగువారితో సహా దక్షిణ భారతదేశంలో మేనరికాలు తరతరాలుగా ఆచారంలో ఉండుట వలన ఇక్కడి కుటుంబాలకు ఈ విషయం తెలియవలసిన అవసరం ఎక్కువ. మేనరికం చేసుకున్న వారందరికీ ఇటువంటి పిల్లలు పుడతారని దీని అర్థం కాదు. వారిలో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. అయితే ఆ వంశంలో పసితనంలోనే మరణించిన పిల్లలు ఉన్నప్పుడు, కొత్తగా మేనరికం నిశ్చయించేముందు జన్యు సలహా తీసుకొనుట మంచిది.

లక్షణాలు

పుట్టినప్పుడు శిశువు మామూలుగానే కనిపిస్తుంది. గర్భంలో ఉండగా మావి ద్వారా తల్లి నుండి అందిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలు కొంత రక్షణనిస్తాయి. అవి తరిగిపోయే కొద్దీ సాధారణంగా రెండు నుండి ఆరు నెలల మధ్య వ్యాధి బయటపడుతుంది. ముఖ్య లక్షణాలు:

* మందులు వాడినా తగ్గని, లేదా తగ్గి మళ్ళీ వచ్చే నోటి పూత
* ఎడతెగని విరేచనాలు
* బరువు పెరగకపోవడం, పెరిగిన బరువు తగ్గిపోవడం
* మళ్ళీ మళ్ళీ వచ్చే న్యుమోనియా, ముఖ్యంగా న్యూమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల కలిగేది
* బి.సి.జి. టీకా వేసిన చోట పుండు మానకపోవడం, చంకలో గడ్డలు, టీకాలోని సూక్ష్మజీవి శరీరమంతా వ్యాపించడం
* గొంతులో టాన్సిల్స్ కనిపించకపోవడం, లింఫు గ్రంథులు చేతికి తగలకపోవడం
* కొందరిలో ఒళ్ళంతా ఎర్రబారి పొట్టు రాలడం, కాలేయం పెరగడం. ఈ రూపాన్ని ఒమెన్ సిండ్రోమ్ అంటారు.

ఈ లక్షణాలు ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి పల్లెలోను చంటిపిల్లలకు వచ్చేవే. అందువల్లనే వ్యాధి గుర్తింపు ఆలస్యమవుతుంది. పాలు పడలేదనో, దిష్టి తగిలిందనో, పుట్టుకతోనే బలహీనమనో అనుకుంటూ కాలం గడిచిపోతుంది. ఒకే తల్లికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పసికందులుగానే ఒకే విధంగా మరణించినప్పుడు ఆమెను నిందించడం కూడా జరుగుతూ ఉంటుంది. ఈ వ్యాధికి తల్లి ఆహారపు అలవాట్లు గాని, ఆమె ప్రవర్తన గాని, పాలు గాని కారణం కావు.

వ్యాధి నిర్ధారణ

అనుమానించడానికి ఖరీదైన పరీక్షలు అవసరం లేదు. చిన్న పట్టణాలలోని ప్రయోగశాలలలో కూడా చేసే సాధారణ రక్తకణాల లెక్కింపు నుండే ముఖ్యమైన ఆధారం లభిస్తుంది. మొత్తం తెల్ల రక్తకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో హెచ్చించి నూరుతో భాగిస్తే లింఫోసైట్ల అసలు సంఖ్య వస్తుంది.

ఉదాహరణ: మూడు నెలల శిశువుకు ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో మొత్తం తెల్ల రక్తకణాలు 9,000. వాటిలో లింఫోసైట్లు 15 శాతం. అప్పుడు లింఫోసైట్ల సంఖ్య 9,000 × 15 ÷ 100 = 1,350.

పెద్దవారికి ఈ సంఖ్య మామూలే. కాని ఆరోగ్యంగా ఉన్న కొద్ది నెలల శిశువులో లింఫోసైట్లు పెద్దవారిలో కంటే చాలా ఎక్కువగా, సాధారణంగా 4,000కు పైగా ఉంటాయి. శిశువులో ఈ సంఖ్య 3,000 కంటే తక్కువగా ఉన్నప్పుడు పరీక్షను మళ్ళీ చేయించి, తక్కువగానే ఉన్నచో నిపుణుని వద్దకు పంపాలి. నివేదికపై ముద్రించిన సాధారణ పరిమితులు పెద్దవారివి అయినప్పుడు, మొత్తం కణాల సంఖ్య మామూలుగా ఉన్నప్పుడు ఈ లోపం సులభంగా కంటపడకుండా పోతుంది. కొందరు శిశువులలో తల్లి టి కణాలు గర్భంలోనే చేరి లెక్కను పెంచుతాయి. ఒమెన్ సిండ్రోమ్‌లో కూడా లెక్క తగ్గకపోవచ్చు. కనుక లెక్క మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము.

ఛాతీ ఎక్స్-రేలో థైమస్ గ్రంథి నీడ కనిపించకపోవడం మరొక ఆధారం. ఆ తరువాత ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షతో టి, బి, సహజ హంతక కణాలను వేర్వేరుగా లెక్కిస్తారు. ఏ కణాలు ఉన్నవి, ఏవి లేవు అనే దానిని బట్టి ఏ జన్యువులో లోపమో ఊహించవచ్చు. చివరగా జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు. ఇటువంటి లక్షణాలే ఎయిడ్స్ వ్యాధిలో కూడా ఉంటాయి కనుక హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేస్తారు. శిశువు రక్తంలో తల్లి ప్రతిరక్షకాలు ఉంటాయి. స్కిడ్ శిశువు స్వయంగా ప్రతిరక్షకాలను తయారు చేయలేదు. అందువల్ల ఈ సందర్భంలో ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష కాక, విషాణువును నేరుగా వెతికే పరీక్ష చేయాలి. ఎయిడ్స్ వలె ఇది అంటువ్యాధి కాదు.

తీసుకొనవలసిన జాగ్రత్తలు

వ్యాధి అనుమానం కలిగిన నాటి నుండి చికిత్స పూర్తయ్యే వరకు ఈ క్రింది జాగ్రత్తలు ప్రాణావసరం.

* జీవించి ఉన్న సూక్ష్మజీవులతో తయారైన బి.సి.జి., నోటి ద్వారా ఇచ్చే పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా, తట్టు టీకా వేయరాదు. భారతదేశంలో బి.సి.జి., పోలియో చుక్కలు పుట్టిన వెంటనే ఇస్తారు. కనుక ఇదివరకు పసితనంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి, తరువాతి కాన్పుకు ముందే ఆ విషయాన్ని వైద్యులకు చెప్పాలి. రక్త పరీక్ష ఫలితం వచ్చేవరకు ఆ టీకాలను ఆపవచ్చు.
* ఇంట్లోని ఇతర పిల్లలకు నోటి చుక్కలకు బదులు పోలియో ఇంజెక్షను ఇవ్వడం మేలు. చుక్కలలోని విషాణువు వారి మలం ద్వారా ఈ శిశువుకు సోకవచ్చు.
* రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు వికిరణంతో శుద్ధి చేసిన రక్తాన్నే వాడాలి. లేనిచో దాత రక్తంలోని టి కణాలు శిశువు శరీరంపై దాడి చేస్తాయి. తమను తాము కాపాడుకోలేని ఈ శిశువులలో అది సాధారణంగా మరణానికి దారి తీస్తుంది.
* తల్లికి సైటోమెగలో విషాణువు ఉన్నదేమో పరీక్షించి, పాలివ్వడం గురించి వైద్యులు నిర్ణయిస్తారు.
* న్యూమోసిస్టిస్ రాకుండా మందు, నెలనెలా ప్రతిరక్షకాల ఇంజెక్షను ఇస్తారు. శిశువును జనసమ్మర్దానికి, జలుబు, దగ్గు ఉన్నవారికి దూరంగా ఉంచాలి.

ఆరోగ్యవంతులైన పిల్లలకు పై టీకాలన్నీ తప్పనిసరిగా వేయించాలి. చుట్టుప్రక్కల పిల్లలందరూ టీకాలు వేయించుకున్నప్పుడే ఇటువంటి శిశువులకు తట్టు వంటి వ్యాధులు సోకకుండా ఉంటాయి.

చికిత్స

ఎముక మూలుగ మార్పిడి: ఇది ప్రధాన చికిత్స. దాత మూలుగ నుండి, రక్తం నుండి, లేదా బొడ్డుతాడు రక్తం నుండి తీసిన మూలకణాలను సిరలోకి ఎక్కిస్తారు. కణజాలం పూర్తిగా సరిపోయిన తోబుట్టువు ఉత్తమ దాత. తోబుట్టువు సరిపోయే అవకాశం నాల్గింట ఒకటి మాత్రమే. అటువంటి దాత దొరకనప్పుడు సగం సరిపోయే తల్లి లేదా తండ్రి మూలుగ నుండి టి కణాలను తొలగించి వాడే పద్ధతి 1980 దశకంలో అభివృద్ధి చెందింది. దీనితో దాదాపు ప్రతి శిశువుకు ఇంట్లోనే ఒక దాత ఉన్నట్లయింది.

ఫలితం వయసుపై, అంటువ్యాధులపై ఆధారపడి ఉంటుంది. 2000 - 2009 మధ్య ఉత్తర అమెరికాలో మార్పిడి జరిగిన 240 మంది శిశువుల వివరాలు 2014లో ప్రచురితమైనవి. మూడున్నర నెలల వయసులోపు చికిత్స పొందిన వారిలో 94 శాతం మంది ఐదేళ్ళ తరువాత జీవించి ఉన్నారు. ఆ వయసు దాటినా అంటువ్యాధులు సోకని వారిలో 90 శాతం మంది బ్రతికారు. అంటువ్యాధి ఉండగానే మార్పిడి జరిగిన వారిలో ఫలితం బాగా తక్కువ.

ఎంజైము చికిత్స: అడినోసిన్ డీఅమినేజ్ లోపానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఆ ఎంజైమును ఇంజెక్షనుగా ఇచ్చే మందుకు 1990లో అమెరికాలో అనుమతి లభించింది. ఇది సాధారణంగా మార్పిడి లేదా జన్యు చికిత్స జరిగే వరకు ఆసరాగా ఉపయోగపడుతుంది.

జన్యు చికిత్స: శిశువు మూలకణాలనే బయటకు తీసి, వాటిలో సరైన జన్యువును చేర్చి తిరిగి ఎక్కించే పద్ధతి ఇది. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో అడినోసిన్ డీఅమినేజ్ లోపం గల నాలుగేళ్ళ బాలికకు, ఆమె టి కణాలలోనే జన్యువును చేర్చి, ప్రపంచంలోని తొలి అధికారిక జన్యు చికిత్స చేశారు. 1999లో పారిస్‌లో అలెన్ ఫిషర్ బృందం ఎక్స్ సహలగ్న రకానికి చికిత్స ప్రారంభించింది. పిల్లలలో రోగనిరోధక శక్తి వచ్చింది. కాని పారిస్, లండన్ నగరాలలో చికిత్స పొందిన 20 మందిలో ఐదుగురికి తరువాతి కాలంలో రక్త కాన్సరు సోకి, వారిలో ఒకరు మరణించారు. జన్యువును మోసుకెళ్ళిన విషాణువు, కాన్సరుకు సంబంధించిన జన్యువు ప్రక్కనే అతుక్కోవడం దీనికి కారణమని తేలింది. ఆ అనుభవంతో మరింత సురక్షితమైన వాహకాలను తయారు చేశారు. అడినోసిన్ డీఅమినేజ్ లోపానికి జన్యు చికిత్సను 2016లో ఐరోపాలో అనుమతించారు. కొత్త వాహకంతో అమెరికా, బ్రిటన్ దేశాలలో చికిత్స పొందిన 50 మంది పిల్లలూ జీవించి ఉన్నారని, వారిలో 48 మందికి చికిత్స ఫలించిందని 2021లో ప్రకటించారు.

డేవిడ్ వెట్టర్

ఈ వ్యాధి ప్రపంచానికి తెలియడానికి ముఖ్య కారకుడు డేవిడ్ వెట్టర్. అతని అన్న ఇదే వ్యాధితో ఏడు నెలల వయసులో మరణించాడు. కనుక 1971 సెప్టెంబరు 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో డేవిడ్ జన్మించిన వెంటనే అతనిని సూక్ష్మజీవులు లేని ప్లాస్టిక్ గుడారంలో ఉంచారు. అక్క మూలుగ సరిపోతే కొద్ది నెలలలో బయటకు తీసుకురావచ్చునని భావించారు. కాని అది సరిపోలేదు. ఆహారం, బట్టలు, పుస్తకాలు అన్నీ శుద్ధి చేసి లోపలికి పంపేవారు. గుడారానికి అమర్చిన తొడుగుల గుండానే తల్లిదండ్రులు అతనిని తాకేవారు. 1977లో నాసా అతనికి ప్రత్యేకమైన దుస్తులను తయారు చేసి ఇచ్చింది. 1983 అక్టోబరులో, పూర్తిగా సరిపోకపోయినా, కొత్త పద్ధతిలో శుద్ధి చేసిన అక్క మూలుగను ఎక్కించారు. ఆ మూలుగలో దాగి ఉన్న ఎప్‌స్టీన్-బార్ విషాణువు వల్ల అతనికి కాన్సరు సోకింది. జబ్బుపడిన తరువాత గుడారం నుండి బయటకు తెచ్చినప్పుడే తల్లి అతనిని మొదటిసారి నేరుగా తాకగలిగింది. 1984 ఫిబ్రవరి 22న, 12 ఏళ్ళ వయసులో డేవిడ్ మరణించాడు. విషాణువుకు, కాన్సరుకు గల సంబంధాన్ని గురించిన పరిశోధనలకు అతని మరణం తోడ్పడింది. ఒక బిడ్డను అలా బంధించి పెంచడం న్యాయమా అన్న చర్చ కూడా జరిగింది. ఈనాడు ఈ పిల్లలను ఆసుపత్రిలో కొన్ని వారాలు, నెలలు మాత్రమే ఏకాంతంగా ఉంచి, వీలైనంత త్వరగా చికిత్స చేస్తారు.

నవజాత శిశువులకు పరీక్ష

థైమస్ గ్రంథిలో టి కణాలు తమ జన్యుభాగాలను కత్తిరించుకున్నప్పుడు తుంపులు కొన్ని గుండ్రని ఉంగరాల వలె మిగిలిపోతాయి. కొత్తగా తయారైన టి కణాలు ఎక్కువగా ఉంటే ఈ ఉంగరాలు ఎక్కువగా ఉంటాయి. స్కిడ్ శిశువులో ఇవి దాదాపు ఉండవు. శిశువు మడమ నుండి తీసి వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తపు బొట్టులో వీటిని లెక్కించవచ్చు. 2008లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఈ పరీక్షను నవజాత శిశువులందరికీ ప్రారంభించింది. 2018 చివరికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలలోను ఇది అమలులోకి వచ్చింది.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో స్కిడ్, ఒకేసారి చేసే చికిత్సతో నయం కాగల వ్యాధుల మొదటి వర్గంలో చేర్చబడింది. 2022లో సవరించిన ప్రకారం, గుర్తింపు పొందిన కేంద్రాలలో చికిత్సకు 50 లక్షల రూపాయల వరకు సహాయం లభించవచ్చు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థతో కలిసి డి.ఎన్.ఎ. వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం ఇటువంటి ఒక కేంద్రంగా గుర్తించబడినది. లోపం గల జన్యువు ఏదో తెలిసిన కుటుంబాలలో తరువాతి గర్భంలో పిండానికి ముందుగానే పరీక్ష చేయడం సాధ్యమే. అందువల్ల బ్రతికే ఆశలేని శిశువుకైనా మరణానికి ముందే రక్త నమూనాను జన్యు పరీక్షకు భద్రపరచడం ముఖ్యం. ఆ ఒక్క నమూనా తరువాత పుట్టబోయే తోబుట్టువును కాపాడగలదు.

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 22 నుండి 29 వరకు పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలపై ప్రపంచ అవగాహన వారం జరుపుతారు.

ఇవి కూడా చూడండి

* రోగనిరోధక వ్యవస్థ
* తెల్ల రక్తకణాలు
* ఎముక మూలుగ
* జన్యువు
* మేనరికం
* టీకాలు